ఒకటే సాగర్ నీళ్లు: ఏప్రిల్‌లో మట్టి వాసన, ఆగస్టులో టీ రంగు. ఎందుకిలా?

ఐదో_అంతస్తు
మాది ఎల్బీనగర్ వైపు అపార్ట్‌మెంట్. నల్లాలో వచ్చేవి కృష్ణా నీళ్లు. ఏటా ఇదే తంతు. మార్చి నెలాఖరు నుంచి నీళ్లు గ్లాసులో అద్దంలా ఉంటాయి, నోటి దగ్గరికి తెచ్చుకుంటే మాత్రం గుప్పుమని మట్టి వాసన. టీ పెట్టినా పోదు. ఆగస్టు వచ్చిందంటే వాసన పోయి, బకెట్ అడుగున ఎర్రటి మడ్డి దిగుతుంది. మా బావమరిది ఒంగోల్లో ఉంటాడు, వాళ్లకీ సాగర్ నీళ్లే. వాడేమో మట్టి వాసన కాదు, చెరువు వాసన అంటాడు.
అన్నీ నాగార్జునసాగర్ నుంచి వచ్చేవే కదా? ఒకటే డ్యామ్. మరి సీజన్‌కో రంగు, ఊరికో వాసన ఏమిటి? ఫోన్ చేసి అడిగితే "శుద్ధి చేసే పంపుతున్నాం సార్" అని పెట్టేశారు. తెలిసినవాళ్లు చెప్పండి. కాచి తాగమని మాత్రం చెప్పకండి, ఆ సలహా మా అత్తగారు ఇచ్చేశారు.

ఊరికే_చదువుతా
అత్తగారి మాట వినుంటే ఈ పోస్టే ఉండేది కాదు.

ఫిల్టర్_బండి
ముందు టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, చూశారా? 200 దాటితే ఆ నీళ్లు ఒంటికి పడవు. మంచి ఆర్వో పెట్టించుకోండి, వాసనా పోతుంది, టెన్షనూ పోతుంది. ఈ రంగంలో 11 ఏళ్లుగా ఉన్నా, ఊరికే చెప్పడం లేదు.

పటిక_మాస్టారు
నీటి శుద్ధి ప్లాంట్లలో కెమిస్ట్‌గా చేసి రిటైరయ్యాను. ఎక్కడని అడక్కండి. కాస్త పెద్దగా రాస్తున్నా, ఓపికుంటే చదవండి.
మీరు "ఒకటే డ్యామ్, ఒకటే నీళ్లు" అన్నారు చూడండి, తేడా అక్కడే ఉంది. అంత పెద్ద జలాశయంలో నీళ్లు ఎప్పుడూ ఒకటిగా ఉండవు. ఎండాకాలం పైన ఉన్న నీళ్లు వేడెక్కి తేలికవుతాయి, కిందివి చల్లగా, బరువుగా ఉండిపోతాయి. పాల మీద మీగడలా పై పొర వేరు, కింది పొర వేరు. నడుమ ఒక హద్దు ఏర్పడుతుంది, గాలి ఎంత వీచినా దాన్ని దాటి కలపలేదు. మన దగ్గర ఇది మరీ గట్టిగా ఉంటుంది. చల్లటి దేశాల్లో నీళ్లు 10 నుంచి 11 డిగ్రీలకు పెరిగితే సాంద్రతలో వచ్చే తేడాకు, మన దగ్గర 29 నుంచి 30కి పెరిగితే వచ్చే తేడా మూడింతలు.
సర్వీసులో ఉండగా పడవ మీద వెళ్లి శాంపిల్ తీసేవాళ్లం. తాడుకు బరువు కట్టిన సీసా కిందికి దించి, లోతుకు వెళ్లాక మూత పడేలా చేసి పైకి లాగేవాళ్లం. మే నెల మధ్యాహ్నం పైన నీళ్లు గోరువెచ్చగా ఉండేవి. 20 మీటర్ల నుంచి వచ్చిన సీసా మాత్రం చేతికి చల్లగా తగిలేది. ఇంకా లోతు నుంచి తీసినప్పుడు మూత విప్పితే కుళ్లిన గుడ్డు వాసన. అక్కడ ఆక్సిజన్ ఉండదు. అడుగు మట్టిలో ఉన్న ఇనుము, మాంగనీసు కరిగి నీళ్లలోకి వచ్చేస్తాయి.
మరి పై పొరలోనో? ఎండ, వెచ్చదనం, పోషకాలు మూడూ ఉంటాయి కాబట్టి నాచు పెరుగుతుంది. అందులో నీలి ఆకుపచ్చ రకం ఒకటి జియోస్మిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. మీ మట్టి వాసనకు చాలావరకు అదే కారణం అయి ఉండాలి. తొలకరి చినుకు పడగానే నేల నుంచి లేచే కమ్మటి వాసనకూ ప్రధాన కారణం ఇదే. లీటరు నీళ్లలో 10 నానోగ్రాములుంటే చాలు, మన ముక్కు పట్టేస్తుంది. అంత కొంచెం ఒంటికి హాని చేయదు. చిక్కేమిటంటే పటిక వేసి తేర్చి, ఇసుకలో వడకట్టి, క్లోరిన్ కలిపినా అది పెద్దగా పోదు. బొగ్గు కావాలి, యాక్టివేటెడ్ కార్బన్. @ఫిల్టర్_బండి గారూ, మీ ఆర్వోలో వాసన లాగేది కూడా ప్రధానంగా ఆ కార్బన్ గొట్టమే.

ఊరికే_చదువుతా
అంటే తొలకరి వాసన కవితలు రాసినవాళ్లంతా నాచు మీద రాశారన్నమాట.

పటిక_మాస్టారు
నేలలో అది నాచు పని కాదు బాబూ, వేరే సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. పదార్థం మాత్రం ఒకటే. కవులకు ఢోకా లేదు.

చెరువుగట్టు
ఆకివీడు దగ్గర మాకు 12 ఎకరాల చేపల చెరువులున్నాయి. మాస్టారు చెప్పింది మా దగ్గర ఇంకో రూపంలో కనిపిస్తుంది. ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే సన్నటి నాచు, ముదిరిన చెరువులో పట్టిన కట్ల, రాగండి కూరకు బురద వాసన వస్తుంది. వ్యాపారి నోట్లో వేసుకోగానే పట్టేసి కిలోకు నాలుగు రూపాయలు కోస్తాడు. పట్టుబడికి ముందు కొన్నాళ్లు మంచి నీళ్లలో ఉంచితే తగ్గుతుంది. మా అమ్మ అయితే అవేమీ లేకుండా చింతపండు కాస్త దండిగా పిండేది. వాసన పోయేది.

పటిక_మాస్టారు
@చెరువుగట్టు మీ అమ్మగారు మంచి కెమిస్టు. పులుపు తగిలితే జియోస్మిన్ విరిగిపోయి వాసన లేని పదార్థమవుతుంది. చేపల పులుసు వెనక ఇంత కథ ఉంది.

ఐదో_అంతస్తు
అయితే నల్లా నీళ్లలో చింతపండు పిండుకోమంటారా?

ఊరికే_చదువుతా
దాన్ని చారు అంటారు అన్నా.

గండిపేట_గాలి
ఇంత దూరం ఎందుకండీ. సిటీలో మనం ఫ్లష్ చేసిందంతా మూసీలో పడుతుంది, మూసీ కృష్ణలో కలుస్తుంది, కృష్ణ సాగర్‌లో ఆగుతుంది, సాగర్ నీళ్లు మళ్లీ మన నల్లాలో. మన పాపం మనకే. అదీ వాసన.

లెక్కల_పిచ్చి
@గండిపేట_గాలి మ్యాప్ ఒకసారి చూడండి. మూసీ కృష్ణలో కలిసేది వాడపల్లి దగ్గర. అది సాగర్ డ్యామ్‌కి దిగువన. నీళ్లు ఎత్తుకు ఎక్కవు. మన మురుగు పోయేది పులిచింతలకి.

బ్యారేజీ_కింద
పులిచింతల నుంచి ప్రకాశం బ్యారేజీకి, బ్యారేజీ నుంచి మా బెజవాడ కుళాయికి. పంపుతున్నందుకు థాంక్స్ అండీ. ఇక్కడ వాసన గురించి పోస్టు పెట్టాల్సింది మేము.

గండిపేట_గాలి
సరే, ఒప్పుకుంటున్నా. కానీ సాగర్‌కి పైన మురుగు లేదా? కర్నూలు మురుగు తుంగభద్రలో, పుణె మురుగు భీమాలో. పుణె నుంచి దిగింది ముందు ఉజనీలో ఆగుతుంది, ఎండాకాలం ఆ జలాశయం పచ్చగా అవుతుంటుంది. ఆ భీమా తర్వాత కృష్ణలో కలుస్తుంది కదా.

లెక్కల_పిచ్చి
కలుస్తుంది. కానీ అక్కడి నుంచి సాగర్‌కి వచ్చేసరికి నది మెట్లు మెట్లుగా ఆగుతూ వస్తుంది. జూరాల దాటాక శ్రీశైలం, తర్వాత సాగర్. ప్రతి మెట్టు దగ్గరా కొంత మడ్డి దిగిపోతుంది, సూక్ష్మజీవులు కొంత చస్తాయి. శ్రీశైలం ఒకరకంగా సాగర్‌కి తేట తీసే తొట్టి. దాని ఖరీదు కూడా చూడండి. శ్రీశైలం కట్టినప్పుడు 308 టీఎంసీలు, ఇప్పుడు లెక్క 215. సాగర్ 408 నుంచి 312కి వచ్చింది. సాగర్ ఒక్కదానిలో పూడిక మింగిన 96 టీఎంసీలంటే దాదాపు 25 గండిపేట జలాశయాలు.

ఎర్రమట్టి_77
పూడిక సరే, నీళ్లు తగ్గుతాయి. క్వాలిటీకి దానికీ ఏంటి సంబంధం? మట్టి అడుగునే ఉంటుందిగా.

పటిక_మాస్టారు
అడుగునే ఉంటుంది, ఊరికే మాత్రం ఉండదు. పొలాల్లో వేసిన డీఏపీలో భాస్వరం మట్టి రేణువులకు అంటుకుని వరదలో కొట్టుకొస్తుంది. మట్టి దిగుతుంది, దాంతో భాస్వరమూ దిగుతుంది. ఎండాకాలం అడుగున ఆక్సిజన్ అయిపోగానే ఆ భాస్వరం మళ్లీ నీళ్లలోకి కరుగుతుంది. ఈ ఏడు పైనుంచి ఒక్క గింజ ఎరువు రాకపోయినా పాత బాకీ తిరిగొస్తుంది. నాచుకు అది చిటికెడు చాలు.

ఎర్రమట్టి_77
తిరిగి తిరిగి రైతు మీదికే వచ్చింది. ఎరువు రైతు తినడానికి వేస్తున్నాడా? పట్నాల మురుగులో, బట్టల సబ్బుల్లో భాస్వరం లేదా?

పటిక_మాస్టారు
ఉంది. నేను లేదనలేదే. రెండూ కలిసే వస్తాయి.

పుట్టీ_పిల్లోడు
మా తాతవాళ్లు వైజాగ్ అవతల సముద్రం ఒడ్డు నుంచి వచ్చి సాగర్ వెనక జలాల్లో పుట్టి మీద చేపలు పట్టుకుంటూ ఇక్కడే ఉండిపోయారు. నాన్న ఇప్పటికీ వేటకెళ్తాడు. నేను డిగ్రీ చేశా.
మాస్టారు చెప్పిన పొరల గురించి ఇక్కడ ఎవరూ చదువుకోలేదు గానీ తెలుసు. ఎండాకాలం నాన్న వల లోతుకు దించడు. "కింద నీళ్లు పడుకున్నాయిరా" అంటాడు. ఒకసారి మాట వినకుండా నేను దించాను. పొద్దున లాగితే రెండే రెండు చేపలు, అవీ చచ్చి ఉబ్బిపోయి, వల అడుగున నల్లటి జిగురు. ఆ వాసన చేతులకు రెండ్రోజులు పోలేదు. చలికాలంలో, సంక్రాంతి ముందు, పొద్దున్నే నీళ్ల మీద పొగ లేస్తుంటే అప్పుడంటాడు, నీళ్లు తిరగబడ్డాయి అని. ఇక ఏ లోతులోనైనా చేప దొరుకుతుంది.

పటిక_మాస్టారు
@పుట్టీ_పిల్లోడు నేను 30 ఏళ్లు చదివింది మీ నాన్నగారు రెండు మాటల్లో చెప్పేశారు. చలికి పై నీళ్లు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతాయి, కిందివి పైకి వస్తాయి. అదే తిరగబడటం. జలాశయానికి మంచిదే, అడుగుకు ఆక్సిజన్ అందుతుంది. కానీ ఆ కొద్ది రోజులు ప్లాంటు వాళ్లకు నిద్ర ఉండదు, అడుగున కరిగిన మాంగనీసు పైకొచ్చేస్తుంది. క్లోరిన్ తగలగానే గోధుమ రంగుకో నలుపుకో తిరుగుతుంది.

చెరువుగట్టు
మా దగ్గర మబ్బు పట్టినా, వాన పడి చెరువు తిరగబడినా తెల్లవారుజామున డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోతుంది. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని ఆడుతుంటాయి. ఏరేటర్లు వేసి గట్టు మీద జాగారం చేస్తాం. సాగర్‌కి ఏరేటర్ ఎవడు పెడతాడు?

లెక్కల_పిచ్చి
కరెంటు కోసం పెట్టినవే కొంత ఆ పని చేస్తాయేమో. సాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో 8 యూనిట్లుంటే 7 రివర్సిబుల్, దిగువ నీళ్లను మళ్లీ పైకి తోడగలవు.

పటిక_మాస్టారు
డ్యామ్ దగ్గర కొంత కదలిక ఉంటుందేమో. ఎగువన పదుల కిలోమీటర్ల నీళ్లకు అది ఏ మూలకు?

టొలీడో_టు_టెక్సాస్
నీలి ఆకుపచ్చ నాచు అన్నారు కాబట్టి నా అనుభవం చెప్తా. 2014లో ఒహాయోలోని టొలీడోలో ఎమ్మెస్ చేస్తున్నా. ఆగస్టు 2, శనివారం. పొద్దున లేచేసరికి ఫోన్ నిండా మెసేజ్‌లు: నల్లా నీళ్లు తాగొద్దు, కాచొద్దు. కాచొద్దు అన్నది చూసి ఎవరో జోక్ చేశారనుకున్నా. ఈరీ సరస్సులో నాచు పెరిగి మైక్రోసిస్టిన్ అనే విషం నగరానికి వచ్చే నీళ్లలో కలిసింది. అది కాస్తే పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కనవుతుంది. నాలుగైదు లక్షల మంది ఆ వారాంతం సీసాల నీళ్ల మీద బతికారు. మేం నలుగురం తెలుగోళ్లం కారేసుకుని పక్కనే ఉన్న మిషిగన్‌కి వెళ్లి నీళ్లు తెచ్చుకున్నాం. మూడో రోజు, సోమవారం, ఎత్తేశారు. కారణం మళ్లీ భాస్వరమే. మొక్కజొన్న, సోయా పొలాల నుంచి మామీ నదిలో కొట్టుకొచ్చేది.

ఎర్రమట్టి_77
అక్కడ కూడా రైతేనా! సరే, ఇక నోరు మూసుకుంటా.

ఐదో_అంతస్తు
@టొలీడో_టు_టెక్సాస్ భయపెట్టకండి సార్. @పటిక_మాస్టారు మరి ఇందాక మట్టి వాసన హాని కాదన్నారు?

పటిక_మాస్టారు
రెండూ వేరు. జియోస్మిన్ వాసన ఇస్తుంది, విషం కాదు. మైక్రోసిస్టిన్‌కు వాసన లేదు, అది విషం. కొన్ని రకాల నాచు ఒకటి చేస్తుంది, కొన్ని ఇంకోటి, కొన్ని రెండూ. అందుకే వాసన వచ్చిందని హడలిపోనూ కూడదు, రాలేదని ధీమాగా ఉండనూ కూడదు. వాసన వచ్చిందంటే అక్కడ నాచు ఉండి ఉండవచ్చు, చూడండి అని అర్థం. అంతవరకే. ఈరీ సంగతి వేరు, అది మనిషి కట్టింది కాదు, పైగా టొలీడో వైపు బాగా లోతు తక్కువ. తుంగభద్ర జలాశయం కూడా కొన్నేళ్లుగా పచ్చగా మారడం పేపర్లలో చూస్తున్నాం. అక్కడా ఈ నీలి ఆకుపచ్చ నాచే.

ఫిల్టర్_బండి
అందరూ కథలు చెప్తున్నారు. పరిష్కారం ఎవరూ చెప్పట్లేదు. నేను మొదటి రోజే చెప్పా.

కోడలి_గోడు
@ఫిల్టర్_బండి మీలాంటి ఒకాయన మా ఇంటికొచ్చి రెండు కడ్డీలున్న పరికరం నల్లా నీళ్లలో పెట్టి కరెంటు పెట్టాడు. నిమిషంలో నీళ్లు బురదలా మారాయి. "చూశారా అమ్మా మీరు తాగుతున్నది" అన్నాడు. వాళ్ల ఫిల్టర్ నీళ్లలో పెడితే ఏమీ కాలేదు. మా అత్తగారు అక్కడికక్కడే చెక్కు రాశారు. తర్వాత మా తమ్ముడు చెప్పాడు, ఆ కడ్డీ ఇనుముది, కరిగింది ఆ ఇనుమే అని. ఫిల్టర్ నీళ్లలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు పారదు, అందుకే మారలేదట. ఈఎంఐ ఇంకా కడుతున్నాం.

ఫిల్టర్_బండి
అలాంటివాళ్లు ఉన్నారు, కాదనను. నేనలా చేయను మేడమ్.

పటిక_మాస్టారు
టీడీఎస్ గురించి ఒక్క మాట. మన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగే నీళ్లకు 500 వరకు మంచిది, వేరే దిక్కు లేనప్పుడు 2000 వరకు ఒప్పుకుంటారు. 200కి విషం అన్న మాట ఎక్కడా లేదు. ఆ మీటర్ చూపేది కరిగిన లవణాల అంచనా మాత్రమే. సూక్ష్మజీవులు, పురుగుమందు, నాచు విషం, ఈ జియోస్మిన్, ఏదీ దానికి కనపడదు.

ఊరికే_చదువుతా
మా చిన్నోడు టీడీఎస్ మీటర్ సాంబారులో పెట్టాడు. మా ఆవిడ వాడికీ మీటర్‌కీ కలిపి పెట్టింది.

లెక్కల_పిచ్చి
లవణాల మాట వచ్చింది కాబట్టి. సాగర్ నిండితే నీటి విస్తీర్ణం దాదాపు 285 చదరపు కిలోమీటర్లు. దాని మీద ఒక్క అడుగు ఆవిరైతే పోయేది 3 టీఎంసీలు. గండిపేట మొత్తం 3.9. ఆవిరిలో నీళ్లే పోతాయి, ఉప్పు పోదు. మిగిలిన నీళ్లలో అదే ఉప్పు, అదే భాస్వరం. ఎండాకాలం మట్టం దిగేకొద్దీ నీళ్లు ఎందుకు మారతాయో ఇందులోనూ కొంత ఉంది.

మర్రిగూడ_మల్లెచెట్టు
అందరూ వాసన వాసన అంటున్నరు. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు. సాగర్ మాకు దూరమేం కాదు. అయినా చిన్నప్పటి నుంచి బోరింగు నీళ్లే తాగినం. ఫ్లోరైడు. మా పెదనాయిన మెడ పక్కకు తిరగదు, ఎవరన్నా పిలిస్తే మొత్తం మనిషే తిరగాలి. మా అక్క పండ్ల మీద పసుపు చారలు, పెళ్లిచూపులప్పుడు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కృష్ణా నీళ్లు వచ్చినంక పుట్టిన పిల్లల పండ్లు తెల్లగున్నయ్. మట్టి వాసన వస్తదా? రానియ్యి. మా ఇంట్ల ఆ నీళ్లకే దండం పెడతరు.

ఐదో_అంతస్తు
@మర్రిగూడ_మల్లెచెట్టు అన్నా, ఏం చెప్పాలో తెలియట్లేదు.

పటిక_మాస్టారు
అది నిజం. ఫ్లోరైడు నీళ్లు రాతిలోంచి తెచ్చుకునేది. బోరు లోతుకు వెళ్లేకొద్దీ రాతితో సావాసం పెరుగుతుంది. నదిలో, జలాశయంలో అది సాధారణంగా తక్కువే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్ల మీదికి, ఇంకా పెరిగితే ఎముకల మీదికి వస్తుంది, దానికీ రంగూ రుచీ వాసనా ఏవీ ఉండవు.

గండిపేట_గాలి
పాత హైదరాబాదీలు ఒక మాట అనేవాళ్లు, గండిపేట నీళ్లు తాగినోడు ఊరు విడిచిపోడు అని. 1908 మూసీ వరద తర్వాత కట్టిందది, 1920లో పూర్తయింది. మా నాయనమ్మ ఆ నీళ్లు చల్లగా, తియ్యగా ఉండేవని చెప్పేది. పంపులు కూడా అవసరం లేకుండా నీళ్లు వాలుకు దిగి సిటీకి వచ్చేవట. ఇప్పుడు అటు వెళ్తే చెరువు కన్నా విల్లాలే ఎక్కువ కనిపిస్తాయి. 1996లో 111 జీవో తెచ్చి 84 ఊళ్లలో కట్టడాలకు అడ్డుకట్ట వేశారు, 2022లో 69 జీవోతో ఆ ఆంక్షలు తీసేశారు.

ప్లాటు_పక్కన_ప్లాటు
111 వల్ల అక్కడి రైతు పాతికేళ్లు నష్టపోయాడు. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలికితే వీళ్ల పొలం కొనేవాడు లేడు. నీళ్లు తాగేది సిటీ, త్యాగం చేసేది వట్టినాగులపల్లి వాడా? ఇప్పుడు సిటీకి కృష్ణా ఉంది, గోదావరి ఉంది.

గండిపేట_గాలి
ఉన్నాయి. వందల అడుగులు ఎత్తిపోసి, వంద కిలోమీటర్లు పైపుల్లో తోసి తెచ్చుకుంటున్నాం. ఇంటి పక్కన వాలుకు వచ్చే నీళ్లు వదిలేసి.

ప్లాటు_పక్కన_ప్లాటు
రైతుకు ఆ తేడా డబ్బులు కట్టండి అప్పుడు, కాపాడదాం.

పటిక_మాస్టారు
ఈ గొడవకు వేరే పోస్టు పెట్టుకోండి ఇద్దరూ. ఒక్కటి మాత్రం చెప్తా. చిన్న జలాశయానికి చుట్టూ ఏముందన్నదే ప్రాణం. గండిపేటలో వంద ఎకరాల మురుగు కలిస్తే తెలిసిపోతుంది. సాగర్‌లో అదే కలిస్తే తెలియదు. తెలియకపోవడమే దాని ప్రమాదం, బయటపడేసరికి పాతికేళ్లు అవుతుంది, బాగుచేయడానికి అంతకన్నా ఎక్కువ పడుతుంది.

ఎస్ఎస్_ట్యాంక్
ఒంగోలు వాణ్ని. @ఐదో_అంతస్తు మీ బావమరిది చెప్పింది కరెక్టే. మాకు సాగర్ కుడి కాలువ నీళ్లు నేరుగా కుళాయికి రావు. కాలువ వదిలినప్పుడు సమ్మర్ స్టోరేజీ ట్యాంకులు నింపి పెట్టుకుంటారు, మళ్లీ వదిలేదాకా అవే. లోతు తక్కువ, ఎండ ఎక్కువ. ఏప్రిల్ చివరికి గట్టు మీద నిలబడితే ఒడ్డంతా పచ్చటి తెట్టు, రాళ్ల మీద పాకుడు. మీ దగ్గరికి వచ్చేవి పెద్ద జలాశయం నీళ్లు, మావి పెద్ద జలాశయం నుంచి చిన్న చెరువులోకి మారి ఎండలో నెలన్నర కాగిన నీళ్లు. అందుకే చెరువు వాసన.

పటిక_మాస్టారు
సరిగ్గా చెప్పారు. హైదరాబాద్ దారి వేరు. పుట్టంగండి దగ్గర తోడి, అక్కంపల్లి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్‌లో పోసి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి పంపుతారు. సాగర్ మట్టం 510 అడుగుల కిందికి పోతే పుట్టంగండి దగ్గర అత్యవసర మోటార్లు పెట్టి తోడాలి.
ఏ లోతు నుంచి తీసుకోవాలన్నదే ఎక్కడైనా అసలు పరీక్ష. మరీ పైనుంచి లాగితే నాచు వస్తుంది, మరీ కింది నుంచి లాగితే మాంగనీసు, గుడ్డు వాసన. అందుకే నీళ్లు తోడే మంచి ఇన్‌టేక్ బావికి వేర్వేరు ఎత్తుల్లో తలుపులు పెడతారు. మట్టం బాగా దిగినప్పుడు ఎంచుకోవడానికి ఏమీ మిగలదు, ఉన్నదే తోడాలి.

ఐదో_అంతస్తు
మరి ఆగస్టులో టీ రంగు?

పటిక_మాస్టారు
అది వరద. కొత్త నీళ్లు ఎర్రమట్టితో బరువుగా వచ్చి, జలాశయంలోకి దిగగానే పైన కలవకుండా అడుగు పట్టుకుని పాకుతూ వస్తాయి. పైన చూస్తే తేటగా ఉంటుంది, తోడే చోట ఒక్క రాత్రిలో చింతపండు రసం. ఆ రాత్రులు నాకు బాగా గుర్తు. ఆరు గాజు బీకర్లు వరసగా పెట్టి, ఒక్కోదానిలో ఒక్కో మోతాదు పటిక వేసి, తెడ్లు తిప్పి, ఏ బీకర్‌లో మడ్డి పువ్వులా విచ్చుకుని దిగుతుందో కళ్లార్పకుండా చూసేవాణ్ని. జార్ టెస్ట్ అంటారు. గంట క్రితం మోతాదు ఈ గంటకు పనికిరాదు. నిజం చెప్పాలంటే ఆ ఎర్ర నీళ్లు ఏప్రిల్ తేట నీళ్ల కన్నా నయం. మట్టి పటికకు లొంగుతుంది. నాచు లొంగదు, తేలుతుంది, ఇసుక ఫిల్టర్లు బిగుసుకుపోతాయి. పోనీ అని క్లోరిన్ ఎక్కువ కొడితే నీళ్లలోని సేంద్రియ పదార్థంతో కలిసి ఇంకో రకం చెడ్డ పదార్థాలు తయారవుతాయి.

కోడలి_గోడు
మా నల్లా జాలీలో నల్లటి పొడి పేరుకుంటోంది. అది మాంగనీసేనా మాస్టారూ? రెండు రోజుల నుంచి నిద్ర పట్టట్లేదు.

పటిక_మాస్టారు
వేళ్ల మధ్య నలపండి. సాగితే రబ్బరు.

కోడలి_గోడు
సాగింది. వాషర్. పది రూపాయలు.

పటిక_మాస్టారు
@ఐదో_అంతస్తు, మీరు కూడా ఒక పని చేయండి. ఒకే రకం శుభ్రమైన గాజు సీసాలు మూడు తీసుకోండి. ఒకటి బయటి పైపు నుంచి సంపులో పడకముందే పట్టండి. రెండోది సంపులోంచి. మూడోది మీ వంటింటి నల్లాలోంచి. మూడింటినీ గోరువెచ్చగా చేసి, మూతపెట్టి ఊపి, తీసి వాసన చూడండి. వెచ్చబెడితే వాసన తేలిగ్గా పైకొస్తుంది. ఏది ఎక్కువో చెప్పండి.

ఐదో_అంతస్తు
చేశాను. మూడూ ఒకేలా ఆవనూనె వాసన.

పటిక_మాస్టారు
సీసాలు ఎక్కడివి?

ఐదో_అంతస్తు
పోయినేడు ఆవకాయవి.

ఊరికే_చదువుతా
మైక్రోసిస్టిన్ పోయింది, మస్టర్డ్ వచ్చింది.

ఐదో_అంతస్తు
మళ్లీ చేశా, ఈసారి కొత్త సీసాలు. బయటి పైపు నీళ్లలో మట్టి వాసన ఉంది, కానీ లీలగా. పట్టి పట్టి చూస్తే గానీ తెలియలేదు. సంపు కూడా అంతే. వంటింటి నల్లా సీసా మూత తీయగానే గుప్పుమంది. దాంతో వాచ్‌మన్‌ని తీసుకుని టెర్రస్ ఎక్కాను. మా బ్లాకు ట్యాంకు మూత సగం విరిగి ఉంది, మిగతా సగం మీద ఇటుక. లోపల ఎండ నేరుగా పడుతోంది. గోడలంతా పచ్చగా, వేలు పెట్టి గీస్తే గీత పడింది. పావురం ఈకలు రెండు తేలుతున్నాయి. ఫొటో తీశా, ఇక్కడ పెట్టడానికి సిగ్గేసింది.

పటిక_మాస్టారు
మీ ఇంటి మీద మీకే ఒక చిన్న జలాశయం ఉంది.

గండిపేట_గాలి
అలాగని సాగర్‌ది తప్పేం లేదని తేల్చేయకండి. బయటి పైపులో లీలగా ఉందన్నారు కదా. ఉన్నట్టే.

పటిక_మాస్టారు
ఉన్నట్టే. సంపు కడిగించండి, ట్యాంకు కడిగించండి. తర్వాత కూడా వాసన మిగిలితే అది పైనుంచి వచ్చింది. అప్పుడు రాతపూర్వకంగా నాచు, జియోస్మిన్ పరీక్ష అడగండి. "వాసన వస్తోంది" అని ఫోన్ చేస్తే మీకు వచ్చిన జవాబే వస్తుంది.

బి_బ్లాక్_సెక్రటరీ
ఈ టెర్రస్ మాదే అనిపిస్తోంది. ఐదో అంతస్తు, ఎల్బీనగర్, విరిగిన మూత మీద ఇటుక. మీరు 503నా, 504నా? ఆ ఇటుక పెట్టించింది నేనే, డిసెంబరులో. కొత్త మూతకు మనిషికి 60 రూపాయలు పడుతుందని గ్రూపులో పెడితే ఎవరూ రిప్లై ఇవ్వలేదు, ఒకరు మాత్రం బొటనవేలు పెట్టారు.

ఐదో_అంతస్తు
503. ఆ బొటనవేలు నాదే సార్. ఇప్పుడే పంపుతున్నా.